బొట్టు పెట్టి పిలిచేదెవరు?

పేరంటానికి పిలవడం మన ఊళ్ళలో ఆడవాళ్ళ పని. కుంకుమభరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, గడపలో నిలబడ్డ ఆమెకు బొట్టు పెట్టి, సాయంత్రం రమ్మని చెప్పి రావాలి. ఆ పిలుపులో ఎంత ఆప్యాయత ఉంటుందో, దాటి వెళ్ళిపోయే గడపల విషయంలో అంత నిశ్శబ్దం ఉంటుంది. భర్త పోయిన ఆమెను, మాలపల్లెలో ఆమెను, బొట్టు పెట్టుకోని క్రైస్తవురాలిని పిలవకపోవడం పిలిచేవాళ్ళకు వివక్షగా తోచదు, ఆనవాయితీగా తోస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. పిలవడానికి వెళ్ళేది ఆడవాళ్ళే అయినా ఆ ఇల్లు వాళ్ళ పేరున ఉండదు. ఎవరిని పిలవాలి, ఎవరిని కూడదు అన్న నియమం వాళ్ళు పెట్టింది కాదు.

స్వాగతం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ రెండూ గుర్తొస్తాయి: దాటి వెళ్ళిన గడప, తన పేరున లేని ఇంటికి పిలిచే స్త్రీ. డబ్లిన్ శివార్లలో మా అమ్మాయి దగ్గర ఉన్న ఏడు నెలల్లో, మనవరాలిని రోజూ బడికి తీసుకెళ్ళి తీసుకొస్తున్నప్పుడు, ఇవి మరీ తరచుగా గుర్తొచ్చాయి. అదొక క్యాథలిక్ ప్రాథమిక పాఠశాల. లోపలి గోడ మీద ఇరవై పైచిలుకు భాషల్లో స్వాగతం అని రాసి ఉంది. తెలుగూ ఉంది. వ వత్తు ఊడిపోయి "సాగతం" అయింది.

అక్కడి బడుల సంగతి తెలియకపోతే ఈ స్వాగతానికి ఉన్న బరువు అర్థం కాదు. ఐర్లండ్‌లో 3,000కు పైగా ఉన్న ప్రాథమిక పాఠశాలల్లో నూటికి దాదాపు 90 క్యాథలిక్ చర్చి ఆధ్వర్యంలో ఉన్నాయి. టీచర్ల జీతాలు ప్రభుత్వమే ఇస్తుంది, నడిపే ఖర్చులోనూ అధిక భాగం దానిదే. కానీ బడికి "పేట్రన్" ఆ ప్రాంతపు బిషప్. ఇక జనం సంగతి చూస్తే, 2016 జనగణనలో తాము క్యాథలిక్కులమని చెప్పుకున్నవాళ్ళు నూటికి 79 మంది ఉంటే 2022 నాటికి 69 మందికి తగ్గారు. ఏ మతమూ లేదన్నవాళ్ళు నూటికి 14. భారత పౌరులే 45 వేలు దాటారు. జనం మారిపోయారు, బడుల యాజమాన్యం మాత్రం దాదాపు పాత చేతుల్లోనే ఉంది. అందుచేత అక్కడ పిల్లలున్న కుటుంబానికి క్యాథలిక్ బడి అనేది చాలాసార్లు ఎంచుకున్న బడి కాదు, నడిచి వెళ్ళగలిగిన దూరంలో ఉన్న బడి.

ఆ బడిలో చూపించిన ఆదరణ నటన కాదని ముందే చెప్పాలి. క్లాసు టీచరు మా మనవరాలి పేరు సరిగ్గా పలకడానికి మొదటి వారం మా అమ్మాయి చేత నాలుగుసార్లు చెప్పించుకుంది. ఇంగ్లీషు రాని పిల్లలకు విడిగా పాఠం చెప్పే టీచరు ఉంది. 2025 వేసవిలో డబ్లిన్‌లో భారతీయుల మీద వరసగా దాడులు జరిగాయి. ఆ ఆగస్టులో జరగాల్సిన ఇండియా డే వేడుకను కూడా వాయిదా వేసుకున్నారు. చీర కట్టుకుని బస్సెక్కాలంటే వెనకా ముందూ చూసుకునే రోజుల్లో, బడి గేటు దగ్గర ఒక మనిషి పేరు పెట్టి పలకరించడం చిన్న విషయం కాదు. ఆ పలకరింపును ఎద్దేవా చేసే సిద్ధాంతం నాకు అక్కర్లేదు. ఆ పలకరింపు ఎక్కడి వరకు వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే నా ప్రశ్న.

అది ఆగిన చోటు నాకు రెండో తరగతి గదిలో కనిపించింది. ఏడెనిమిదేళ్ళ వయసులో క్యాథలిక్ పిల్లలు ఫస్ట్ కమ్యూనియన్ తీసుకుంటారు. మన క్యాథలిక్కులు ప్రథమ దివ్యసత్ప్రసాద స్వీకారం అంటారు. దానికి పిల్లల్ని సిద్ధం చేయడం చాలావరకు బడిలోనే, బడి సమయంలోనే జరుగుతుంది. ఆ ఏడాదంతా పాటలు, ప్రార్థనలు, తెల్లగౌన్ల కబుర్లు. ఐర్లండ్ 1937 రాజ్యాంగంలోని 44వ అధికరణం ప్రకారం ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడికి వెళ్ళే పిల్లలకు మతబోధకు హాజరు కాకుండా ఉండే హక్కు ఉంది. ఆ హక్కు మా మనవరాలికీ అందింది. అందిన రూపం ఏమిటంటే, గది వెనక బల్ల దగ్గర కూర్చుని రంగులు వేసుకోవడం. ఎవరూ ఆమెను చిన్నచూపు చూడలేదు. "అమ్మమ్మా, వాళ్ళు నేర్చుకుంటున్నప్పుడు నేను ఎవర్ని?" అని మాత్రం ఒకరోజు దారిలో అడిగింది. ఆ ప్రశ్నకు రాజ్యాంగంలో జవాబు లేదు.

ఆతిథ్యం గురించి తత్వవేత్తలు చాలా ఆలోచించారు. కాంట్ 1795లో శాశ్వత శాంతి మీద రాసిన వ్యాసంలో, పరాయి నేల మీద అడుగుపెట్టిన మనిషిని శత్రువుగా చూడకుండా ఉండటం దయాధర్మం కాదని, అది వచ్చిన మనిషి హక్కని అన్నాడు. అయితే ఆ హక్కు సందర్శకుడి హక్కు మాత్రమే, అక్కడ ఉండిపోయే హక్కు కాదని గీత కూడా గీశాడు. రెండు వందల ఏళ్ళ తర్వాత డెరిడా ఆతిథ్యంలోనే ఒక ముడి ఉందన్నాడు. రమ్మని పిలవాలంటే అది నా ఇల్లు అయి ఉండాలి. నా ఇల్లు అంటున్నానంటే వచ్చిన మనిషి షరతులకు లోబడే లోపలికి రావాలి. మన ఉపనిషత్తు అతిథిని దేవుడిగా చూడమంది గానీ ఆ దేవుడికి ఎవరు వండిపెట్టాలో చెప్పే అవసరం దానికి కలగలేదు. వీళ్ళందరి ఊహలోనూ ఇంటి యజమాని ఉన్నాడు, గుమ్మం ఉంది, బయట నిలబడ్డ మనిషి ఉన్నాడు. వంటింట్లో ఉన్న మనిషి మాత్రం లేదు.

అసలు నాకు అంతకన్నా ముందే ఒక సందేహం ఉంది. బడి ఇల్లేనా? అందరి సొమ్ముతో నడిచే, ఆ చుట్టుపక్కల మరొకటి లేని బడిని ఇంటితో పోల్చడం న్యాయమేనా? నాకైతే అది ఊరుమ్మడి చెరువులా కనిపిస్తుంది. చెరువు దగ్గరికి రమ్మని ఒకరు ఇంకొకరిని స్వాగతించడంలో ఎంత మర్యాద ఉన్నా, ఆ మర్యాదలోనే ఒక తప్పుడు లెక్క ఉంది. మహద్‌లో చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ మునిసిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. తీర్మానం ఉన్నా నీళ్ళు అందలేదు. 1927 మార్చిలో అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్ళి ఆ నీళ్ళు తాగవలసి వచ్చింది. ఆయన వెళ్ళింది అతిథిగా కాదు.

ఐర్లండ్‌లోనూ ఈ లెక్క ఒకసారి బయటపడింది. 2007 సెప్టెంబరులో డబ్లిన్‌కు ఉత్తరాన ఉన్న బాల్‌బ్రిగన్ పట్టణంలో, సీట్లు చాలనప్పుడు క్యాథలిక్ పిల్లలకు ముందుగా ఇవ్వడంతో చివరికి బడి లేకుండా మిగిలిన పిల్లల్లో అత్యధికులు ఆఫ్రికా నుంచి వచ్చిన కుటుంబాల వాళ్ళు. నల్లపిల్లలకు సీటు ఇవ్వకూడదని ఎవరూ నియమం రాయలేదు. బాప్తిస్మ పత్రం ఉన్నవాళ్ళకు ముందు అన్న నియమం ఆ పని చేసిపెట్టింది. మిగిలిపోయిన పిల్లల కోసం ఎడ్యుకేట్ టుగెదర్ అనే సంస్థ హడావుడిగా ఒక బడి తెరిచింది. అది దాదాపుగా నల్లపిల్లల బడి అయింది. 2018లో చట్టం మార్చి, క్యాథలిక్ ప్రాథమిక బడులు ప్రవేశంలో బాప్తిస్మాన్ని చూడకూడదన్నారు. గుమ్మం తెరుచుకుంది. లోపల ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది ఆ చట్టం పరిధిలోకి రాలేదు.

ఆ ఇంటికి యజమానులు ఎవరు అని అడిగితే, ఐరిష్ స్త్రీలు కాదని కచ్చితంగా చెప్పొచ్చు. గేటు దగ్గర పలకరించేది స్త్రీలే, పాఠం చెప్పేది ఎక్కువగా స్త్రీలే, పేట్రన్ కుర్చీలో స్త్రీ కూర్చునే వీలే లేదు. 2018కి ముందు, విశ్వాసం పోయిన తల్లులు కూడా బడి సీటు కోసం బిడ్డలకు బాప్తిస్మం ఇప్పించారు. పెళ్ళి కాకుండా తల్లులైన ఆడపిల్లలు సహా ఎందరినో కాన్వెంటు లాండ్రీల్లో బంధించి చాకిరీ చేయించిన చరిత్రకు ఆ ప్రభుత్వం 2013లో గానీ క్షమాపణ చెప్పలేదు. 2012లో గాల్వేలో కర్ణాటక నుంచి వెళ్ళిన దంత వైద్యురాలు సవితా హలప్పనవార్, గర్భస్రావం అవుతోందని తెలిశాక కూడా పిండం గుండె ఆగలేదన్న కారణంతో గర్భం తీసేయకపోవడంతో సెప్సిస్ వచ్చి చనిపోయింది. ఇది క్యాథలిక్ దేశపు పద్ధతి అన్న అర్థం వచ్చే మాట ఆమెతో అన్నానని ఒక మిడ్‌వైఫ్ మరుసటి ఏడాది విచారణలో ఒప్పుకుంది. ఆ మాట అన్నదీ స్త్రీయే. నియమం ఆమెది కాదు, దాన్ని వినిపించే పని ఆమెది. సవిత పేరు పట్టుకుని వీధుల్లోకి వచ్చి, 2018లో రాజ్యాంగాన్ని మార్పించిన వాళ్ళలో ముందున్నదీ ఐరిష్ స్త్రీలే. కుంకుమభరిణె పట్టుకున్న స్త్రీకి ఈ రెండు దారులూ ఉంటాయి.

వచ్చినవైపు కూడా స్వాగతం స్త్రీల చాకిరీ మీదే నడుస్తుంది. ఏడాదికోసారి సంస్కృతుల పండగ పెడతారు. ప్రతి దేశానికీ ఒక బల్ల. బడి నుంచి వచ్చిన కాగితంలో "కుటుంబాలు తమ సంస్కృతిని పంచుకోవాలి" అని ఉంటుంది. ఆ కుటుంబం అనే మాటకు ఆ రాత్రి పదకొండింటికి పిండి కలుపుతున్న మా అమ్మాయి అని అర్థం. పగలంతా ఆఫీసు పని చేసిన మనిషే నూట ఇరవై సమోసాలు చుట్టింది. మా ఇంట్లో మూడు తరాల్లో ఎవరూ సమోసా వండి ఎరగరు. కానీ ఇండియా బల్ల మీద సమోసా ఉండాలి. పప్పుచారు, గోంగూర తీసుకెళ్తే ఎవరు తింటారని అల్లుడు అడిగాడు. నైజీరియా తల్లి జొలోఫ్ అన్నం వండింది, పోలండ్ తల్లి పియరోగి చేసింది. తండ్రులు ఫొటోలు తీశారు. సంస్కృతి అనే పెద్ద మాట చివరికి తల్లి చేతి వంట, కూతురి ఒంటి మీది బట్ట అయిపోతుంది. జాతీయోద్యమం రోజుల నుంచీ మనకిది తెలిసిన లెక్కే. జాతి గౌరవాన్ని మోసే పని స్త్రీ ఒంటికి అప్పగించి, జాతి గురించి మాట్లాడే పని మగవాళ్ళు ఉంచుకున్నారు.

ఇంతకీ ఆ బల్ల మీద ఉన్నది ఎవరి సంస్కృతి? ఆ బడిలోనే గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒక తెలుగు క్యాథలిక్ కుటుంబం ఉంది. దళితులు. ఆమె వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పని చేస్తుంది. కూతురు మా మనవరాలి క్లాసే. ఆ పిల్ల కమ్యూనియన్‌కు సిద్ధమయ్యే వరసలో ముందు కూర్చుంటుంది. మతం ప్రకారం చూస్తే ఆ బడికి అందరికన్నా దగ్గరి బంధువులు వాళ్ళే. పండగనాడు టీచరు ఆమెను ఇండియా బల్ల దగ్గర దీపాలు వెలిగించి దీపావళి గురించి చెప్పమంది. ఆమె ఇంట్లో దీపావళి చేయరు. క్రిస్మస్‌కు అరిసెలు వండుతారు, ఇంటి మీద నక్షత్రం కడతారు. బల్ల ఏర్పాట్లు చూస్తున్న మన తెలుగువాళ్ళలో ఒకాయన, క్రిస్మస్ ఇక్కడ అందరిదీ కదా, అది ఇండియన్ ఎలా అవుతుంది అన్నాడు. ఆమె వాదించలేదు. తర్వాత నాతో, "చర్చిలో మేం ఇండియన్లం ఆంటీ, ఇండియా బల్ల దగ్గర మేం క్రిస్టియన్లం" అంది.

ఈ ఒక్క మాటలో ఉన్నంత విమర్శ నేను చదివిన బహుళ సంస్కృతుల సిద్ధాంతాల్లో కనపడలేదు. ఇంటి దగ్గరా ఆమె పరిస్థితి ఇదే. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులు షెడ్యూల్డ్ కులంగా లెక్కకు రారు. రాజ్యం దృష్టిలో కులం పోయింది. చర్చిలో పోయిందా అంటే, తెలుగు నేలమీద ఇంతమంది దళిత క్యాథలిక్కులుండగా, పూల అంతోని భారతదేశపు తొలి దళిత కార్డినల్ కావడానికి 2022 దాకా పట్టింది. సంస్కృతులు అని బహువచనం వాడగానే న్యాయం చేసేశామని అనుకుంటాం. ఒక్కో దేశానికి ఒక్కో బల్ల వేసినప్పుడు, ఆ బల్ల దగ్గర ఎవరు నిలబడాలో తేల్చే అధికారం ఆ దేశంలోని పైకులాలకు అప్పగిస్తున్నామని ఐరిష్ టీచరుకు తెలియదు. తెలియాల్సిన అవసరం ఆమెకు లేదని మనవాళ్ళు చూసుకుంటారు.

మన కాన్వెంట్ల గురించి కూడా ఇక్కడ చెప్పాలి. కోస్తా జిల్లాలోని ఒక కాన్వెంటులో నేను పదేళ్ళు చదివాను. అక్కడ బొట్టు, పూలు, గాజులు వద్దనేవాళ్ళు. క్యాథలిక్ అమ్మాయిలకు సత్యోపదేశం క్లాసు జరుగుతున్నప్పుడు మిగతా మాకు మోరల్ సైన్స్ పీరియడ్ ఉండేది. అది ఎంత చప్పగా ఉన్నా మాకంటూ ఒక పుస్తకం, ఒక టీచరు ఉన్నారు, రంగుపెన్సిళ్ళతో వెనక బల్ల దగ్గరికి పంపలేదు. పెళ్ళి చేసుకోకుండా, ఒకరి అదుపులో లేకుండా బతికే స్త్రీలను నేను మొదట చూసింది ఆ సిస్టర్లలోనే. ఆ రుణం చిన్నది కాదు. అయితే అదే ప్రహరీ గోడకు అవతల తెలుగు మీడియం ఆర్.సి.ఎం. బడి ఉండేది. దళిత క్యాథలిక్ పిల్లలు అందులో చదివేవాళ్ళు. ఫీజు కట్టగల హిందూ పైకులాల ఆడపిల్లలం ఇంగ్లీషు మీడియంలో ఉన్నాం. ఇంటివాళ్ళ పిల్లలు అవతల, అతిథులు నట్టింట్లో.

కాబట్టి క్యాథలిక్ బడి అనే మాట అన్నిచోట్లా ఒకే అర్థంలో పనిచేయదు. మన దేశంలో చర్చి అల్పసంఖ్యాకుల చర్చి. రాజ్యాంగం 30వ అధికరణం దానికి బడులు నడుపుకునే హక్కు ఇచ్చింది, 28వ అధికరణం సమ్మతి లేకుండా మతబోధ వినే అగత్యం లేకుండా పిల్లల్నీ కాపాడింది. ఆదేశిక సూత్రాలను మనం ఐర్లండ్ రాజ్యాంగం నుంచి తెచ్చుకున్నామని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. కానీ అక్కడ నూటికి 90 బడులున్న చర్చి తన స్వభావాన్ని కాపాడుకుంటాననడం, ఇక్కడ చర్చిల మీద రాళ్ళు పడుతున్న కాలంలో అదే మాట అనడం ఒకటి కావు. ఎంత శక్తి ఉన్నవాళ్ళు అంటున్నారన్నదే ఆ మాట నీతిని నిర్ణయిస్తుంది.

ఒక అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసేయలేను. తన విశ్వాసాన్ని బిడ్డకు అందించాలనుకునే క్యాథలిక్ తల్లి ఉంది. అందరినీ కలుపుకోవడమంటే ఆమె బడిలో దేవుడి పేరు వినపడకుండా చేయడమేనా? గోడ మీద సిలువను తీసేయమని నేను అడగను. ఆ సిలువ వల్ల మా మనవరాలికి ఇబ్బంది కలగలేదు, వెనక బల్ల వల్ల కలిగింది. ఇతర మతాల్లో సత్యమైనదాన్ని, పవిత్రమైనదాన్ని చర్చి తిరస్కరించదని 1965లో రెండో వాటికన్ మహాసభే ప్రకటించింది. కమ్యూనియన్ పాఠాన్ని బడి సమయం అయ్యాక, విచారణ గురువు బాధ్యతగా, చర్చిలో పెట్టుకుంటే విశ్వాసం పలచబడదు. కావాలనుకుని వచ్చినవాళ్ళ మధ్య చిక్కబడుతుందేమో కూడా. అయితే అప్పుడు ఆదివారాలు ఆ పిల్లల్ని తీసుకెళ్ళే పని, పాఠం చెప్పే పని మళ్ళీ తల్లుల మీదే పడుతుంది. సంరక్షణ కేంద్రంలో ఆదివారం డ్యూటీ చేసే ఆ గుంటూరు తల్లికి బడి సమయంలో చెప్పే పాఠమే సౌకర్యం. ఆమె వైపు నుంచి చూస్తే నా పరిష్కారం నాకే పూర్తిగా నచ్చదు. ఈ పేచీని తీర్చే సూత్రమేదీ నా దగ్గర లేదు. తీర్చాల్సిన చోట ఆమె, మా అమ్మాయి, ఆ ఐరిష్ టీచరు ముగ్గురూ కూర్చోవాలని మాత్రం తెలుసు.

అలా కూర్చునే చోటు ఒకటి ఉంది. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ పాలకమండలి ఉంటుంది. ఎనిమిది మంది సభ్యులు. అందులో ఇద్దరు పేట్రన్ నియమించినవాళ్ళు, ఇద్దరు తల్లిదండ్రులు ఎన్నుకున్నవాళ్ళు. సమోసాల కోసం మా అమ్మాయికి మూడు సందేశాలు వచ్చాయి. ఈ ఎన్నిక గురించి ఒక కాగితం వచ్చింది, అదీ పిల్ల సంచిలో అడుగున. ఎవరిని వంటకు పిలుస్తారు, ఎవరిని నిర్ణయానికి పిలుస్తారు అన్న తేడా తెలుసుకోవడానికి అంతకన్నా కొలమానం అక్కర్లేదు. పిలుపు అందుకున్న మనిషి ఏదో ఒకరోజు తాను పిలిచే మనిషి కావాలి. అలా కానంత కాలం ఎన్నేళ్ళు గడిచినా చుట్టపుచూపే.

నేను తిరిగొచ్చే ముందు, ఉక్రెయిన్ నుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని కొత్తగా బడిలో చేరుతున్నాయి. వాళ్ళను గేటు దగ్గర కలుసుకుని బడి అంతా చూపించమని ప్రధానోపాధ్యాయురాలు ఆ గుంటూరు అమ్మాయిని అడిగింది. "ఇండియా తరఫునా, బడి తరఫునా?" అని ఆమె తిరిగి అడిగిందట. ప్రధానోపాధ్యాయురాలు కాసేపు ఆగి, బడి తరఫునే అందట. ఆ రోజు ఆమె చీర కట్టుకోలేదు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది, యూనిఫాంలోనే. గోడ మీద "సాగతం" ఇంకా అలాగే ఉందని మా అమ్మాయి మొన్న ఫోన్లో చెప్పింది. వత్తు పెట్టించమని ఆమె చేతే అడిగిస్తారట.